చీల్చిన వెనిల్లా కాయలు

మా మామయ్యగారికి కొత్త పంటల పిచ్చి. సత్తుపల్లి దాటి అడవి వైపు వెళ్ళే దారిలో మా పామాయిల్ తోట ఉంది. అందరూ వేసిందే మనమూ వేస్తే రైతుకీ గొర్రెకీ తేడా ఏముందనేవారు ఆయన. ఒకసారి కర్ణాటక వెళ్ళి, తడి గోనెపట్టాలో చుట్టి వెనిల్లా తీగలు తెచ్చారు. మన ఎండలకు ఇవి నిలవవని చూసినవాళ్ళంతా చెప్పారు. ఆయన వినలేదు. బోరు పక్కన కొంత జాగాలో పచ్చ వల కట్టించి, కింద గిరిపుష్పం చెట్లు నాటించి, వాటికి తీగలు పాకించారు. సగం మాడిపోయాయి. మిగిలినవి మూడో ఏట పూశాయి.

వెనిల్లా పువ్వు ఒక్క పూటే ఉంటుంది. పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికి వాడిపోతుంది. ఆ లోపల మనిషి వెళ్ళి, పువ్వును చీల్చి, మధ్యలో అడ్డంగా ఉండే చిన్న పొరను పుల్లతో పైకెత్తి, పుప్పొడిని లోపలికి వేలితో అదమాలి. లేకపోతే కాయ కట్టదు. ఇక్కడి తేనెటీగలకు ఆ పని రాదట. మొక్కలిచ్చినాయన వచ్చి చూపించి వెళ్ళాడు. మామయ్యగారి వేళ్ళు లావు, ఆయన వల్ల కాలేదు. నేను ప్రయత్నిస్తే పువ్వు చిరిగి చేతిలోకి వచ్చింది.

కలుపు తీయడానికి వచ్చిన ఆడవాళ్ళలో ఒకామె వెనక నిలబడి చూస్తోంది. "నేను జూస్తనమ్మా" అని నా చేతిలోంచి కొబ్బరి ఈనె తీసుకుంది. తునికాకు కట్టలు కట్టీ కట్టీ అలవాటైన వేళ్ళు. ఒక్క పూటలో పని పట్టుకుంది. ఆ రోజు నుంచి తోటలో అందరూ ఆమెను పూలామె అనడం మొదలుపెట్టారు. వాగు అవతల, అడవి అంచున ఆమె గూడెం. నలభై ఏళ్ళుంటాయి. భర్త పోయాడు. చూపు సరిగా ఆనని ముసలి తల్లితో ఉండేది.

కాయ కోశాక అసలు పని మొదలవుతుంది. పచ్చికాయకు వాసనే ఉండదు. దాన్ని వేడినీళ్ళలో ముంచి తీసి, దుప్పట్లో చుట్టి చెమట పట్టించాలి. రోజూ కాసేపు ఎండలో పెట్టి, ఆ వేడి మీదే మళ్ళీ చుట్టాలి. అలా వారాలు. ఆ తర్వాత నెలల తరబడి పెట్టెలో మగ్గబెట్టాలి. నల్లగా, జిడ్డుగా, తోలు వారులా అయి, వేలికి చుట్టినా విరగకపోతే అప్పుడు కాయ తయారైనట్టు. ఇదంతా పూలామె చేసేది. ఆమె జుట్టుకూ కొంగుకూ గోళ్ళ సందులకూ ఆ వాసన పట్టేసింది. "ఎంత రుద్దినా పోతలేదమ్మా, మా గూడెంల కుక్కలు గూడ నన్ను కొత్తగ జూస్తున్నయ్" అని నవ్వేది.

కొంటానన్న వ్యాపారి తీరా కాయలు తయారయ్యాక ఫోన్ ఎత్తడం మానేశాడు. దాంతో అవి ఇంటి గొప్పగా మిగిలాయి. మా అత్తగారు వాటిని గాజు జాడీలో వేసి తన బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారు. వచ్చిన చుట్టాలకు జాకెట్టు గుడ్డతో పాటు రెండేసి కాయలు పెట్టేవారు. "మా తోటవే" అనేవారు, తానే పూయించినట్టు.

నేను మధిర నుంచి కోడలిగా వచ్చినదాన్ని. వంటింట్లో పప్పులో ఉప్పెంతో కూడా అత్తగారే చెప్పేవారు. ఆవిడకు తెలియనిది ఈ ఒక్కటే కాబట్టి, వెనిల్లా వంటలు నా చేతికొచ్చాయి. ఫోన్‌లో చూసి నేర్చుకున్నాను. కాయను పీట మీద పెట్టి పొడవునా చీల్చి, కత్తి వీపుతో గీకితే ఆవగింజలో పదో వంతు ఉండే నల్లటి గింజలు ముద్దగా వస్తాయి. ఆ గింజల్నీ కాయ తొక్కునూ చిక్కటి గేదెపాలలో వేసి సన్నటి సెగ మీద ఉంచాలి. సీసాలో అమ్మే ఎసెన్సు ఒక్కసారి ముక్కుకు కొట్టి పోతుంది. కాయ అలా కాదు, పాలలోకి మెల్లగా దిగుతుంది. మొదటిసారి ఆ పాలతో పరమాన్నం చేస్తే మామయ్యగారు గిన్నెలోకి వంగి చూసి, "ఇసుక పడిందేంటమ్మా?" అన్నారు. తిన్నాక మళ్ళీ వేయించుకున్నారు. ఆ ఇంట్లో నన్ను మెచ్చుకున్న మొదటి రోజు అది.

ఒక మధ్యాహ్నం పాలు వడకడుతుంటే పూలామె వంటింటి గుమ్మం దగ్గర నిలబడి అడిగింది. "ఇది తింటే ఎట్లుంటదమ్మా? ఇన్నేండ్లాయె, నేనెన్నడు తిన్లే."

నేను గిన్నెలోంచి కాస్త పాయసం తీయబోయాను. అత్తగారు నా చేయి పట్టుకుని ఆపారు. జల్లెడలో మిగిలిన కాయ తొక్కును రెండు వేళ్ళతో ఎత్తి ఆమె అరచేతిలో వేశారు. "నువ్వు పెంచిన కాయేగా. నమిలి చూడు."

మా ఆడపడుచూ పిల్లలూ కూడా అక్కడే ఉన్నారు. అందరూ చూస్తుండగా పూలామె దాన్ని నోట్లో పెట్టుకుని నమిలింది. పీచు. మింగుడు పడదు. ఉమ్మడానికి చోటు లేక చాలాసేపు నమిలింది. "ఎలా ఉందే?" అన్నారు అత్తగారు. "పుల్ల నమిలినట్టుందమ్మా" అంది. అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే అత్తగారు చూస్తారని కాదు, నాకు నిజంగానే నవ్వొచ్చింది.

వెళ్ళేటప్పుడు పెరట్లో నన్ను అడిగింది. "గా పారేసే కాయలు నాకియ్యరాదు చిన్నమ్మా? ఎండబెట్టి చీరెల నడుమ ఏసుకుంట." పారేసేవే కదా. అప్పటి నుంచి వాడేసిన ప్రతి తొక్కునూ కడిగి, కాగితంలో చుట్టి ఆమెకు ఇచ్చేదాన్ని. అత్తగారికి చెప్పలేదు. చెప్పాల్సినంత పెద్ద సంగతనీ అనుకోలేదు.

ఆ తర్వాతి ఏడాది ఏలూరు నుంచి మా అత్తగారి అన్నయ్య కుటుంబం భోజనానికి వస్తున్నారన్నారు. పుడ్డింగ్ చేయమని నాకు పురమాయించి, తాళం చేతికిచ్చి, "రెండు కాయలు తీసుకో" అని చెప్పి అత్తగారు ఖమ్మం వెళ్ళారు. రెండు తీశాను. పాలు బాగా వేడిగా ఉండగానే గుడ్లు కలిపేశాను, మొత్తం విరిగిపోయింది. ఇంకో రెండు తీశాను. ఈసారి ఇడ్లీపాత్రలో ఆవిరికి పెట్టి, మా అమ్మతో ఫోన్‌లో మాట్లాడుతూ నీళ్ళు ఇంకిపోవడం గమనించలేదు. అడుగు మాడి, ఇల్లంతా పొగ. ఇంకో రెండు తీశాను. అది కుదిరింది. చెడిపోయిన రెండు గిన్నెల పుడ్డింగునూ పెరట్లో అరటి గుంట తవ్వి పూడ్చి, గిన్నెలు తోమి బోర్లించాను. మర్నాడు చుట్టాలు తిని, ఇలాంటిది హైదరాబాదులో కూడా తినలేదన్నారు.

వాళ్ళు వెళ్ళిన మర్నాడు అత్తగారు జాడీ దింపి చూసుకున్నారు.

"నువ్వు తీసింది రెండేగా?"

"రెండే అత్తయ్యా."

ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. నిజం చెబితే ఆవిడ కొట్టేవారు కాదు, గెంటేసేవారు కాదు. ఒక నెలపాటు వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేవారు, అంతే. ఆ నవ్వు పడలేక అబద్ధమాడాను.

"నాలుగు తక్కువున్నాయి. ఈ గదిలోకి వచ్చేది ఇంకెవరు?" అన్నారు. వచ్చేది పూలామె. కాయలకు బూజు పట్టకుండా పదిహేను రోజులకోసారి జాడీ తీసి ఆరబెట్టేది ఆమే. ఆ వారమే వచ్చి వెళ్ళింది కూడా.

అత్తగారు జాడీని మళ్ళీ బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారు. మర్నాడు పొద్దున్నే తోట మేస్త్రినీ నన్నూ కారెక్కించుకుని వాగు దాటారు. గూడెంలో అప్పుడే పనులకు బయలుదేరుతున్న జనం కారు చుట్టూ చేరారు. పూలామె పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. "ఏందమ్మా, గిట్ల మీరే వచ్చిండ్రు?" అంది. కూర్చోమని చాప పరిచింది. అత్తగారు ఆ చాప తొక్కుకుంటూ లోపలికి వెళ్ళి, రేకుపెట్టె చూపించి మేస్త్రితో "తియ్యి" అన్నారు.

మేస్త్రి పెట్టె బయటికి లాగి బోర్లించాడు. మూడు చీరలు, ఒక దుప్పటి, ఆధార్ కార్డు కాగితాలు, పసుపు గుడ్డలో ఒక మూట. మూట విప్పగానే ఆ వాసన వాకిలంతా నిండింది. పదిహేను, ఇరవై కాయలుంటాయి.

"చూశారా?" అన్నారు అత్తగారు, గూడెం వాళ్ళ వైపు తిరిగి. పూలామె చేయి పట్టి లాగి, ఆ అరచేతిని మేస్త్రి ముక్కు దగ్గర పెట్టారు. "వాసన చూడు. దీని జుట్టు చూడు. ఒళ్ళంతా మా ఇంటి కాయే."

"పని జేస్తే అంటదా అమ్మా మరి" అంది పూలామె. ఆమె గొంతులో ఇంకా భయం లేదు. నేనున్నాననే ధైర్యం అది. నా వైపు తిరిగింది. "చిన్నమ్మా, మీరే ఇచ్చిండ్రు గదా. జెప్పుండ్రి."

ఆ మూటలోని ప్రతి కాయా నిలువునా చీలి ఉంది. గింజ గీకేసిన ఖాళీ తొక్కులు. చీల్చింది నేను, నా కత్తి. అత్తగారు ఒక కాయ తీసుకుని ఆ చీలిక వెంట బొటనవేలి గోరు పోనిచ్చి, నా ముఖం వైపు చూశారు.

"నేనిచ్చింది రెండో మూడో అత్తయ్యా" అన్నాను. "ఇన్ని కాదు."

ఏమీ మాట్లాడకుండా నిలబడినా ఇంత పాపం అయ్యేది కాదేమో. నేను సగం నిజం చెప్పాను. దాంతో మిగతా సగానికి ఆమె దొంగ అయిపోయింది. పూలామె నా వైపు నుంచి తిరిగి, కింద పడ్డ చీరలు ఏరుకోసాగింది. లోపలి నుంచి ముసలితల్లి వాళ్ళ భాషలో ఏమైందని పదే పదే అడుగుతోంది. అత్తగారు ఆ తొక్కులన్నీ నేల మీద పోసి, "దొంగముండా, ఇక మా గట్టు తొక్కావంటే ఊరుకోను. ఏ తోటలో పని దొరుకుతుందో నేనూ చూస్తాను" అని కారెక్కారు.

మేస్త్రి తోట దగ్గర దిగిపోయాక, డ్రైవరుకు వినపడకుండా అత్తగారు అడిగారు.

"ఆ నాలుగు కాయలూ రెండు వాయిలు పాడు చేశావా, ఒక్క వాయేనా?"

నేను ఆవిడ వైపు తిరిగాను.

"అరటి గుంట కుక్కలు తవ్వాయి. నిన్న సాయంత్రమే చూశాను."

"మరి తెలిసి కూడా..." అన్నాను.

"దానికి ఈమధ్య నోరు లేస్తోంది. నేను లేకపోతే మీ తోటలో కాయే లేదని మేస్త్రితో అందట." ఆవిడ కిటికీలోంచి చూస్తూనే అన్నారు. "ఇక నీ సంగతి. నేనేం అనను. నువ్వు చేసింది నీకు తెలుసు, నాకు తెలుసు. చాలు."

చాలింది. ఆ తర్వాత ఆ ఇంట్లో కుక్కిన పేనులా ఉన్నాను. నా భర్తకు కూడా చెప్పలేదు. చెబితే ఆయన తల్లిని అడుగుతారు, అప్పుడు నా మాటా బయటికొస్తుంది. అత్తగారు ఎన్నడూ ఆ సంగతి ఎత్తలేదు. నేను ఏదైనా ఎదురు చెప్పబోతే కాస్త ఆగి, నన్ను చూసేవారు. నేను ఆగిపోయేదాన్ని.

మళ్ళీ తీగలు పూసినప్పుడు ఈనెపుల్ల నా చేతికిచ్చారు. "కోడలికి బాగా వచ్చు" అని మామయ్యగారితో చెప్పారు. రోజూ పొద్దున్నే వలకింద నిలబడి పువ్వులు చీల్చేదాన్ని. మధ్యాహ్నానికి నేను ముట్టినవీ ముట్టనివీ ఒక్కలాగే రాలిపోయేవి. ఆ ఏడు కట్టినవి పట్టుమని పది కాయలు లేవు. తర్వాతి ఎండాకాలం మోటారు కాలి, వారంపాటు నీళ్ళు లేక తీగలన్నీ చచ్చిపోయాయి. మామయ్యగారు వల విప్పించి కోకో వేశారు. నేను ఆడిన అబద్ధానికి కారణమైన పంట నామరూపాల్లేకుండా పోయింది, ఆమె మీద పడ్డ పేరు మాత్రం పోలేదు. దొంగ అన్న మాట వాగు ఇవతలి తోటలన్నిటికీ పాకింది. మామిడికీ జీడికీ కూడా ఆమెను ఎవరూ పిలవడం లేదని మేస్త్రే ఒకసారి మాటల మధ్య చెప్పాడు. చెప్పి, టీ అడిగాడు.

రెండేళ్ళ తర్వాత పెనుబల్లి దగ్గర ఒక పెళ్ళికి వెళ్తూ, రోడ్డు పక్క చేలో మిరపకాయలు ఏరుతున్న కూలీల మధ్య ఆమెను చూశాను. కారు ఆపించి ఒక్కదాన్నే గట్టు దిగాను. పట్టుచీరలో ఉన్నాను. ఆమె తలెత్తి చూసింది. ముఖానికి గుడ్డ కట్టుకుంది. కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. మిరప ఘాటుకు వేళ్ళ కొసలు పగిలి ఉన్నాయి.

దగ్గరికి వెళ్ళి, పక్కన ఎవరికీ వినపడకుండా చెప్పాను. కాయలు నేనే పాడు చేశానని, భయపడి అబద్ధం చెప్పానని, తప్పైపోయిందని.

ఆమె ముఖం మీది గుడ్డ కిందికి లాగింది.

"నాకెర్కలేదా?" అంది. "అవ్, తెల్సు. గప్పుడే తెల్సు. మా అమ్మ పొయ్యేదాకా అడిగింది, నిజంగ తీసినవా బిడ్డా అని. కంటికి ఆనకపాయె, వాసనైతే వచ్చె గదా పెట్టెలకెల్లి. నా మాట నమ్మలే."

నేను ఏడుస్తున్నాను. ఆమె ఏడవలేదు.

"గప్పుడు గూడెమంత నిలబడ్డంక అన్నరు. గిప్పుడు చెవుల జెప్తే ఎట్ల చిన్నమ్మా? రాండ్రి మా గూడానికి. అందరి ముంగట గదే మాట జెప్పుండ్రి. నాకింకేం వద్దు."

"వస్తాను" అన్నాను. "ఈ పెళ్ళి అయిపోగానే వస్తాను."

ఆమె గుడ్డ మళ్ళీ ముక్కు మీదికి లాక్కుని సాలులోకి వంగింది. పక్కనున్నామె వాళ్ళ భాషలో ఏదో అడిగితే ఒక్క ముక్కలో జవాబు చెప్పింది. చేలో ఉన్న ఆడవాళ్ళంతా తలలెత్తి నన్ను చూశారు. కారు దాకా చూస్తూనే ఉన్నారు.

పెళ్ళి అయిపోయింది. తర్వాత అత్తగారికి మోకాలి ఆపరేషన్ జరిగింది, పిల్లల పరీక్షలు వచ్చాయి. వాగు మీద ఇప్పుడు వంతెన కూడా వేశారు. మా ఇంటి నుంచి ఆ గూడానికి కారులో పావుగంట. నేను ఇంకా వెళ్ళలేదు.