చిన్నత్తను వెనక్కి సాగనంపిన కారు

మా చిన్నప్పుడు... దసరా రోజున మా తాత కారును అమ్మ కడిగి, బొట్లు పెట్టి, లోపల కట్టి ఉన్న మాసిన దారాలన్నీ తెంపి పారేసింది! వాటి చోట ముచ్చటగా పసుపు దారాలు కట్టింది. మా నాన్న పరేషాన్ అంతా అక్కడే మొదలైంది...

వనపర్తిలో మాది మెకానిక్ ఇల్లు. తాత కారు అప్పటికే ముసలిది. గేరు కర్ర లేదు... కాళ్ల కింద మూడు పెడళ్లు. అక్కడి అడుగు పలక ఎత్తితే లోపల మూడు ఇనుప పట్టీలు, వాటినే బ్యాండ్లు అనేవాళ్లు. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి, ఒకటి బ్రేకుకు. ఏ పెడల్‌ది ఏ బ్యాండో గుర్తుండాలని తాత రంగు దారాలు కట్టుకున్నాడు. ఎర్ర దారం పెడల్‌కు ఎర్ర దారం బ్యాండు... అంతే లెక్క.

తాత పోయి రెండేళ్లు. దసరా పోయిన వారానికే చిన్నత్త పెండ్లి. అత్తగారిల్లు నాలుగు వీధుల అవతలే. "మా నాయిన కార్లనే పోత" అని మొండికేసి కూర్చుంది. కారేమో ముందుకు కదలనంటోంది... బ్యాండు వదులైంది.

పెండ్లి పొద్దున నాన్న పలక ఎత్తి నెత్తి పట్టుకున్నాడు.

"గవి ఉత్త దారాలు కావే, మా నాయిన గుర్తులు!"

"నాకేం తెల్సు? జర చెప్పొచ్చు గద!" అంది అమ్మ.

"ఏముంది తియ్, వరుసనే ఉంటయి" అని, ఎడమ పెడల్ కోసం మొదటి బ్యాండు బిగించాడు. ఆ కారు పని ఎప్పుడూ తాతే చూసుకునేవాడు... పెడళ్ల వరుస వేరు, బ్యాండ్ల వరుస వేరు అని నాన్నకు తెలియదు. నడిపి చూసే తీరికా లేదు.

సాగనంపే వేళ... చిన్నత్త, పెండ్లికొడుకు వెనక సీట్లో. బాజాలు మోగుతున్నాయి. నాన్న ఎడమ పెడల్ తొక్కితే ఇంజన్ ఒకటే అరుపు... కారు అంగుళం కదల్లేదు! మధ్యది తొక్కితే మాత్రం రయ్యిమని వెనక్కి పోయింది. పొద్దున బిగించింది ఆ వెనక్కి పోయే బ్యాండునే మరి!

"ఎనక్కి పోతే అపశకునం, దిగుండ్రి!" అన్నాడు పెండ్లికొడుకు మేనమామ.

చిన్నత్త కండ్లనిండా నీళ్లు... కానీ దిగలేదు. "అన్నా, ఎనక్కన్న పోతది గద... పోనియ్!"

నాన్న మెడ వెనక్కి తిప్పి పోనిచ్చాడు. బాజావాళ్లు నవ్వలేక చచ్చారు, పిల్లలం వెంటపడి ఉరికాం. పెండ్లికూతుళ్లంతా మెడ తిప్పి తిప్పి పుట్టింటిని చూసుకుంటారు కదా... మా చిన్నత్త నిటారుగా కూర్చునే, మలుపు వచ్చేదాకా, గుమ్మంలో నిలబడ్డ నానమ్మను చూస్తూ పోయింది.

మర్నాడు నేను ఒక్కో పెడల్ తొక్కుతుంటే ఏ బ్యాండు బిగుసుకుంటుందో చూసి, మళ్లీ రంగు దారాలు కట్టింది అమ్మే.

ఇప్పుడు నా కారు రివర్స్ తీస్తే వెనకున్నదంతా తెరమీద కనిపిస్తుంది. మొన్న చిన్నత్తను దింపిరావడానికి మా ఇంటి ముందు రివర్స్ తీశాను. ఆమె తెర వంక చూడనే లేదు... ఎదురుగా, గుమ్మం వైపే చూస్తోంది.

"ఏందత్తా?"

"ఏం లే బిడ్డా... జర మెల్లగ పోనియ్."

మీ ఇంట్లోనూ పెద్దవాళ్లు దారం కట్టి గుర్తు పెట్టుకున్నవి ఉన్నాయా? ఎవరైనా తెంపకముందే చెప్పండి...