మహబూబ్ భాయ్ బస్సు తాగేసిన డీజిల్

2013 జనవరి. శంషాబాద్‌లో హైవేకి కాస్త లోపలగా మా బస్సుల యార్డు ఉండేది. ఎయిర్‌పోర్టులో పనిచేసేవాళ్లనీ, కొత్తూరు ఫ్యాక్టరీలవాళ్లనీ ఇళ్ల దగ్గర ఎక్కించుకుని డ్యూటీకి చేర్చడం మా ట్రావెల్స్ పని. నేను డీజిల్ సెక్షన్ ఇన్‌ఛార్జిని. పేరు ఘనంగానే ఉంటుంది గానీ, నా రాజ్యమంతా కలిపి ఒక టేబుల్, ఒక రిజిస్టరు, కిటికీ బయట ఒక డీజిల్ పంపు. ఏ బస్సు ఎంత పోయించుకుంది, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది అన్నది రాయడం నా ఉద్యోగం.

లీటరుకు బండి ఎన్ని కిలోమీటర్లు ఇచ్చిందో చెప్పే అంకెను మా దగ్గర కె.ఎం.పి.ఎల్. అంటారు. డ్రైవర్‌కు అది పరీక్షలో మార్కు లాంటిది. ట్యాంకును రోజూ మూతి దాకా నింపుతాం. ఈరోజు ఎంత పడితే నిన్న అంత తాగినట్టు. తిరిగిన కిలోమీటర్లను దాంతో భాగిస్తే మార్కు వచ్చేస్తుంది. ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. మా పాత బస్సుల్లో సగానికి మీటరు కేబుల్ తెగిపోయి ఏళ్లయింది. ఎవరూ బాగు చేయించలేదు. అందుకని రూటుకు ఇన్ని కిలోమీటర్లని ముందే ఒక అంకె అనుకుని, రోజూ అదే రాసేదాన్ని. అందరూ అలాగే చేస్తారు, నేనూ చేశాను.

ఆ జనవరిలో ఢిల్లీ నుంచి ఆర్డరు వచ్చింది. మాలాగా సొంత ట్యాంకులోకి టోకున డీజిల్ కొనేవాళ్లకు సబ్సిడీ ఎత్తేశారు. రోడ్డు మీది బంకులో పోయించుకునేవాళ్లకు మాత్రం ఉంచారు. అంటే టోకున కొంటే ఎక్కువ ధర, చిల్లరగా కొంటే తక్కువ ధర. ఇలాంటి వింత బేరం నేను ఏ కిరాణా కొట్లోనూ చూడలేదు.

మా మేనేజర్ శ్రీధర్ గారిది విజయవాడ వైపు. రోజూ పేపరు మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివే మనిషి. "ఇది ఇంటర్నేషనల్ పరిస్థితండీ ప్రమీల గారూ" అన్నారు. "ఇరాన్ మీద ఆంక్షలు, క్రూడాయిలు వంద డాలర్లు దాటి కూర్చుంది, రూపాయి చూస్తే ఆ స్థితిలో ఉంది. మన చేతుల్లో ఏముంది చెప్పండి?"

ఆయన చేతుల్లో ఉన్నది ఒక తాళం. దాన్ని మా పంపుకు వేసేశారు. మర్నాటి నుంచి మా బస్సులన్నీ వెళ్లి ఊళ్లో ఆటోలతో, లారీలతో పాటు బంకు దగ్గర లైన్లో నిలబడటం మొదలుపెట్టాయి. ఇంటి ముందు బోరు పెట్టుకుని వీధి కుళాయి దగ్గర బిందెతో నిలబడ్డట్టుంది మా పని. మాకు ఖాతా ఇచ్చిన బంకేమో ఊరు దాటి, కొత్తూరు పోయే రోడ్డు మీద, డివైడరుకు అవతలి పక్క.

ఆ తర్వాతి నెలలో ఇంకో ముచ్చట తగిలింది. ఎయిర్‌పోర్టులో పనిచేసే ఒక విదేశీ కంపెనీకి మేం మూడు బస్సులు నడిపేవాళ్లం. భూతాపానికి తమ వల్ల ఎంత పొగ చేరుతోందో వాళ్లు లెక్క తీస్తున్నారట. దాన్ని కార్బన్ రిపోర్టు అంటారు. నెలనెలా మూడు బస్సుల కె.ఎం.పి.ఎల్. మేం పంపాలి, కింద నా సంతకం ఉండాలి. వాళ్ల తరఫున ఒకావిడ యార్డుకు వచ్చి, షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీలు వేయించి, గోడ మీద బొమ్మలు చూపించింది. కరిగే మంచు, మునిగే ఊళ్లు, బీటలు వారిన పొలాలు. మంచి మనిషే, మనసు పెట్టి చెప్పింది. చివర్లో "ఏమైనా డౌట్స్ ఉన్నాయా?" అని అడిగింది.

మహబూబ్ భాయ్ లేచాడు. శంషాబాద్ మనిషి, యాభై దాటాయి, మా యార్డులో అందరికన్నా పాత డ్రైవరు. ఉన్న బస్సుల్లోకెల్లా ముసలి బస్సు ఆయనదే. బుద్వేల్‌లో ఎక్కించుకుని ఎయిర్‌పోర్టులో దింపడం ఆయన రూటు.

"మేడం, జర ఒక్క మాట. బంకు కాడ లైన్ల మా బండి ఇంజన్ నడుస్తనే ఉంటది. గంటకు దగ్గర దగ్గర. గప్పుడు భూమి వేడెక్కదా?"

అందరూ గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే చిర్రెత్తుకొస్తుంది. మనిషి నిలబడి జవాబు చేతిలో పెడితే జోకనుకున్నాం.

మార్చి లెక్క తీశాను. కంపెనీకి నడిపే మూడింట్లో కొత్తూరు రూటు బస్సులు రెండూ ఎప్పటిలాగే ఉన్నాయి. ఐదుకు పైన ఇచ్చే మహబూబ్ భాయ్ బస్సు మాత్రం నాలుగున్నర కూడా దాటలేదు. రెండుసార్లు కూడి చూశాను, అంతే వచ్చింది. సంతకం పెట్టి పైకి పంపేశాను. కంపెనీ నుంచి వెంటనే మెయిలొచ్చింది: ఈ బస్సు ఎందుకింత ఎక్కువ తాగుతోంది, ఏం చర్య తీసుకున్నారు?

శ్రీధర్ గారి దృష్టిలో కె.ఎం.పి.ఎల్. తగ్గడానికి రెండే కారణాలు. ఒకటి బండి పాడవడం. మెకానిక్ చూసి ఇంజిన్‌కు ఏ రోగమూ లేదన్నాడు. ఇక మిగిలింది రెండోది. మర్నాడు పొద్దున డ్యూటీలు పంచే వేళ, డ్రైవర్లందరి ముందూ, నా షీటు చేత్తో ఊపుతూ అడిగారు.

"మహబూబ్ గారూ, డీజిల్ ఎక్కడ అమ్ముతున్నారు?"

భాయ్‌కి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం నల్లబడింది. "సార్, ఇరవై రెండేండ్లాయె స్టీరింగ్ పట్టి. ఒక్క చుక్క అమ్మలే."

"ఈ కాగితం అబద్ధం చెబుతుందా? రేపటి నుంచి మీరు రావద్దు."

ఆయన నా వైపు చూశాడు. నేను తల వంచుకున్నాను. లెక్క సరిగ్గానే ఉందని నా నమ్మకం. నా మీదికి రాలేదు కదా అన్న పిరికితనం కూడా ఉంది, దాచడం ఎందుకు.

ఆ సాయంత్రం నా కిటికీ దగ్గరకు వచ్చాడు. ఎప్పుడూ మేడం అనే మనిషి ఆరోజు అనలేదు. "బిడ్డా, నౌకరీ పోతే పోయింది. డీజిల్ దొంగ అని పేరు పడ్డంక శంషాబాద్‌ల ఎవ్వడన్న బండి ఇస్తడా నాకు? నాకు డ్రైవింగ్ తప్ప ఇంకేం రాదు. నీ లెక్క జర మల్లొక్కసారి చూడరాదూ?"

"చూశాను భాయ్. రెండుసార్లు చూశాను" అన్నాను. నిజమే చెప్పాను. పనికిరాని నిజం.

ఆ బస్సు సాతంరాయి నుంచి వచ్చే నర్సింహకు ఇచ్చారు. రెండు వారాలయ్యాక లెక్క తీస్తే మళ్లీ నాలుగున్నర లోపే. నర్సింహ అంతకుముందు నడిపిన బస్సు ఆయన చేతిలో కె.ఎం.పి.ఎల్. లెక్కన యార్డులోనే మొదటి వరసలో ఉండేది. షీటు తీసుకుని శ్రీధర్ గారి దగ్గరకు పరిగెత్తాను. ఆయన చూసి, కళ్లద్దాలు తీసి, నిట్టూర్చారు.

"అయితే వీడూ దొంగేనన్నమాట!"

నాకు నెత్తి బాదుకోవాలనిపించింది. "సార్, ఇద్దరు దొంగలు మాట్లాడుకుని ఒకే కొలత ప్రకారం దొంగతనం చేస్తారా?"

"అలవాటు ఒకరి నుంచి ఒకరికి వస్తుందండీ" అన్నారు, ఎంతో అనుభవం ఉన్నట్టు.

మర్నాడు నేను రిజిస్టరు మూసేసి ఆ బస్సెక్కాను. డీజిల్ సెక్షన్‌లో చేరి ఆరేళ్లయింది, డీజిల్ తాగే బస్సులో ఒక్కరోజూ కూర్చోలేదు. బుద్వేల్ వాళ్లను తొమ్మిదింటికల్లా ఎయిర్‌పోర్టులో దింపాం. మిగతా రెండు బస్సులకు బంకు రూటు మీదే తగులుతుంది. ఈ బస్సు దారి ఉత్తరానికి, బంకేమో దక్షిణాన. ఖాళీ బస్సు వేసుకుని శంషాబాద్ దాటి, బంకును డివైడరు అవతల కళ్లతో చూసుకుంటూనే ముందుకు పోయి, యూ-టర్న్ దొరికే దాకా పోయి, వెనక్కి తిరిగి వచ్చాం. పోయించుకున్నాక మళ్లీ అంత దూరమూ తిరుగు ప్రయాణం. ఈ తిరుగుడంతా నా రిజిస్టరులో ఎక్కడుంది? లేదు. రూటు కిలోమీటర్లు ఇన్ని అని పంపుకు తాళం పడక ముందు రాసుకున్న అంకెనే రాస్తూ పోయాను.

లైన్లో మా ముందు ఎనిమిది బండ్లున్నాయి. ఇద్దరు పోయించుకున్నారో లేదో కరెంటు పోయింది. రాష్ట్రంలో కరెంటు చేసే ప్లాంట్లకు గ్యాస్ చాలక కోతలు పెడుతున్న రోజులవి. బంకువాళ్లు జనరేటరు వేయడానికి తంటాలు పడుతున్నారు. ఎండ మాడ్చేస్తోంది. మా బస్సు మాత్రం గుడగుడలాడుతూ పొగ వదులుతూనే ఉంది.

"ఇంజిన్ ఆపవా నర్సింహన్నా?"

"ఆపితే మల్ల స్టార్టయితదా అక్కా? బ్యాటరీ సచ్చి ఆర్నెల్లాయె. మహబూబ్ భాయ్ అడిగి అడిగి యాష్టపడ్డడు. ఇగ నేను ఆపుత, నువ్వు దిగి నూకుతవా?"

నవ్వు రాలేదు. గడియారం చూసుకున్నాను. మా వంతు వచ్చేసరికి యాభై నిమిషాలయ్యాయి. చవగ్గా డీజిల్ కొనడానికి లైన్లో నిలబడి డీజిల్ తగలబెడుతున్నాం. దాని పొగ లెక్క కట్టి, భూమిని వేడెక్కించింది మహబూబ్ భాయ్ అని సంతకం పెట్టి పంపాను.

ఆ మరుసటి రోజు నా స్కూటీ వేసుకుని ఎయిర్‌పోర్టు గేటు నుంచి బంకు దాకా, మళ్లీ యార్డు దాకా తిరిగాను. నా స్కూటీ మీటరు పనిచేస్తుంది కాబట్టి దూరం రాసుకున్నాను. యార్డులో మెకానిక్‌ను బతిమాలి, బస్సు ట్యాంకు మూతి దాకా నింపి, యాభై నిమిషాలు ఊరికే ఇంజిన్ నడిపించి, తగ్గినంతా క్యాన్‌తో కొలిచి పోయించాను. ఆ కిలోమీటర్లు కలిపి, ఊరికే కాలిన ఆ డీజిల్ తీసేసి లెక్కేస్తే ఆ బస్సు మళ్లీ ఐదు దాటింది. ఒక్క చుక్క కూడా ఎక్కడికీ పోలేదు.

శ్రీధర్ గారు నా కాగితాలు చాలాసేపు చూశారు. ఆయన మూర్ఖుడు కాదు, అర్థమైంది. అదే నాకు ఇంకా మంట పుట్టించింది.

"మీరన్నది కరెక్టేనండీ. కానీ డ్రైవర్‌ను తీసేశాం, సమస్య తీరిందని కంపెనీకి రాసేశాం కదా. ఇప్పుడు మళ్లీ ఏమని రాస్తాం? పైగా వాళ్ల ఫారంలో ఇలా ఖాళీగా తిరిగినదానికి, లైన్లో నిలబడ్డదానికి కాలమే లేదు."

"ఫారంలో కాలం లేకపోతే మనిషి దొంగైపోతాడా సార్?"

"నెమ్మదిగా సర్దుదాం లెండి."

"ఈ నెల రిపోర్టు మీద నేను సంతకం పెట్టను. ఇది రాసి పంపితేనే పెడతాను" అన్నాను. ఉద్యోగం పోతే ఇంట్లో ఏం చెప్పాలా అని లోపల లెక్కలు నడుస్తూనే ఉన్నాయి.

రిపోర్టు గడువు శుక్రవారం. గురువారం మధ్యాహ్నానికి ఆయన దిగొచ్చారు. కంపెనీకి రెండు పేజీల వివరణ పోయింది. మహబూబ్ భాయ్ మీద ఏ తప్పూ లేదని, మళ్లీ డ్యూటీలోకి తీసుకుంటున్నామని ఒక లెటరు టైపు చేయించి స్టాంపు వేసిచ్చారు. పట్టుకుని అప్పుడే బయల్దేరాను.

భాయ్ తన బామ్మర్ది పంక్చర్ల షాపులో ట్యూబుకు ప్యాచీ వేస్తున్నాడు. నెల రోజుల్లో మనిషి సగమయ్యాడు. పని కోసం తిరిగిన నాలుగు ట్రావెల్స్‌లోనూ సంగతి ముందే తెలిసిపోయిందట. లెటరు మొత్తం చదివి వినిపించాను. సంబరపడతాడనుకున్నాను. ఆయన చేతులు తుడుచుకుని, కాగితం తీసుకుని, మడతపెట్టి నాకే ఇచ్చేశాడు.

"దొంగ అని అందరి ముంగట నోటితోని అన్నరు. కాదని కాగితంల రాసిచ్చిన్రు. ఈ కాగితం గా అందరికి ఎట్ల ఇనబడ్తది బిడ్డా?"

వెనక్కి వచ్చి శ్రీధర్ గారితో మళ్లీ పోట్లాడాను. అందరి ముందూ నోటితో చెప్పాల్సిందేనన్నాను. సోమవారం పొద్దున డ్యూటీలు పంచే వేళకు మహబూబ్ భాయ్‌ని పిలిపించాం. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, అందరికన్నా వెనక నిలబడ్డాడు.

శ్రీధర్ గారు గొంతు సవరించుకున్నారు. "మహబూబ్ గారి విషయంలో... డీజిల్ ఎక్కడికీ పోలేదు. ఆయన ఏ తప్పూ చేయలేదు. ఎక్కడో లెక్కలో చిన్న పొరపాటు జరిగింది. అంతే. పదండి, టైమైంది."

డ్రైవర్లు కదలబోయారు. వెనక నుంచి మహబూబ్ భాయ్ గొంతు వినబడింది. కోపంగా కాదు, మామూలుగానే అడిగాడు.

"ఎవరి లెక్కల, సార్?"

శ్రీధర్ గారు పంపు వైపు చూశారు, నేల వైపు చూశారు. అప్పటిదాకా నేను భాయ్ తరఫున పోట్లాడుతున్నాననే అనుకుంటున్నాను. ఢిల్లీని తిట్టాను, కంపెనీ ఫారాన్ని తిట్టాను, మేనేజర్‌ను తిట్టాను. నలభై మంది మొహాలు ఎదురుగా ఉన్నాయి. అందరి ముందుకు వచ్చాను.

"నా లెక్కలో భాయ్. నేనే తప్పు రాశాను."

ఆయన ఒక్క క్షణం నన్నే చూశాడు. "సరే బిడ్డా. బండి యాడుంది?" అన్నాడు.

కొత్త బ్యాటరీ వేయించాం. డీజిల్ ధర అందరికీ ఒకటయ్యే దాకా, అంటే మరుసటేడు ఆఖరు దాకా, మా పంపు తాళం మాత్రం తీయలేదు. నేను ఆ ఏడాదే ప్రతి బస్సు రూటూ కూర్చుని తిరిగి, కిలోమీటర్లు కొత్తగా రాసుకున్నాను. ఇరాన్‌లో ఏం జరిగినా, ఢిల్లీలో ఏం రాసినా అది చివరికి ఎవరో ఒకరి రిజిస్టరులోకే వచ్చి చేరుతుందని, ఆ రిజిస్టరు కింద ఒక మనిషి బతుకు ఉంటుందని ఆ వ్యవహారం నాకు నేర్పింది. అంకె అబద్ధం చెప్పదని ఎవరైనా అంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఆ అంకె నేను రాసిందే, దాంతో ఒక మనిషి నెల రోజులు దొంగగా బతికాడు.