మొప్ప ఎరుపు

పటమట చేపల బజారులో నాంచారమ్మ మొప్ప ఎత్తి ఎరుపు చూపించందే ఏ చేపనూ తూకం వెయ్యదు. ఇవాళ డాక్టరమ్మ ఆమె కంటి రెప్ప కిందికి లాగి చూసింది. రెప్ప లోపల మళ్లీ తెల్లగా పాలిపోయి ఉంది. ఐరన్ మాత్రలు మింగినన్నాళ్లూ రక్తం పట్టడం, మానగానే పడిపోవడం, ఏటా ఇదే తంతు.

"మోషన్ నల్లగా వస్తోందా?"

"ఐరన్ మాత్రలకి అంతేనన్నారు కదండీ."

"అవి మానేసి రెండు నెలలైందిగా!"

నాంచారమ్మ వేళ్ల మీద నెలలు లెక్కేసుకుంది. నలుపు మాత్రం తగ్గలేదు.

"ఇంకేం మందులు వాడుతున్నావు?"

"ఏం లేవండీ. మోకాళ్ల నొప్పికి ఇదొక్కటే, రోజూ పరగడుపున," అంటూ రొంటిన దోపుకున్న మాత్రల అట్ట తీసింది.

"కడుపులో పుండు చేసి నీ రక్తం తోడేస్తున్నది ఇదేనమ్మా! ఇలా ఇవ్వు."

డాక్టరమ్మ చెయ్యి చాపింది. నాంచారమ్మ పిడికిలి బిగుసుకుంది.

"రేపు ఆదివారమండీ. రోజంతా గొంతుక్కూర్చోవాలి. సోమవారం నుంచి మానేస్తాను."