అంకుల్ షాపు మీద పడ్డ నింద

ఒక పెద్దమనిషి మోయాల్సిన అవసరం లేని నింద నా వల్ల ఆయన మీద పడింది. అది ఏళ్ళ తరబడి నన్నూ వదల్లేదు. ఇంట్లో చెప్పలేదు. స్నేహితులకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. దాచి దాచి అలసిపోయాను.

అప్పుడు కెనడాలో, ఒషావాలో చదువుకునేవాణ్ణి. కాలేజీలో చేర్చుకునే ప్రతి ఇన్‌టేక్‌కీ మనవాళ్ళు విమానాల నిండా దిగుతున్న రోజులు. బేస్‌మెంట్‌లో ఆరుగురం. నా పేరు కాలేజీలో ఎవరికీ నోరు తిరగదు, వేర్‌హౌస్‌లో ఎవరికీ అక్కర్లేదు. పాత కారు ఒకటి కొన్నాక, కనీసం అదైనా నలుగురికీ వినిపించాలని, పొగగొట్టం మార్చి మంచి ఎగ్జాస్ట్ వేయించాలని పిచ్చి పట్టింది.

నమ్మకమైన వర్క్‌షాప్ కోసం బ్రాంప్టన్ దాకా తిరిగాను. ఒకడు కారు కిందికి చూడకుండానే నాలుగు రిపేర్లు చెప్పాడు. ఇంకొకడు సాయంత్రం దాకా కూర్చోబెట్టి పంపేశాడు. చివరికి స్కార్‌బరోలో, రాజమండ్రి వైపు నుంచి వచ్చిన ఒక అంకుల్ దొరికారు. కారు లిఫ్ట్ మీద ఎక్కించి, నన్ను కిందికి పిలిచి, టార్చి వేసి ఏది బాగుందో ఏది తుప్పు పట్టిందో చూపించారు. కొత్త పైపు వేశారు. సైలెన్సర్ తీసేయమంటే మాత్రం ససేమిరా అన్నారు. శబ్దం హుందాగా వచ్చింది. నాకది చాల్లేదు.

వారం తిరక్కుండా ఇంటి ముందు జాకీ పెట్టి, ఫోన్‌లో వీడియో చూస్తూ, ఆయన బిగించిన క్లాంపులు నేనే విప్పాను. సైలెన్సర్ ఊడి రాలేదు. విసుగొచ్చి, ఎలాగోలా మళ్ళీ బిగించి లేచాను. మర్నాడు నలుగురం అద్దాలు మూసి, హీటర్ పెట్టుకుని షిఫ్టుకి బయల్దేరాం. పొగ లోపలికి వస్తోందని ఎవరికీ తెలియలేదు. వెనక సీట్లో మా రూమ్మేట్ నవీన్ నిద్రపోయాడనుకున్నాం. పిలిస్తే పలకలేదు.

రెండు రోజులు హాస్పిటల్లో ఉన్నాడు. బతికాడు.

ఎగ్జాస్ట్ ఎక్కడ వేయించావని అందరూ అడిగారు. అంకుల్ షాపు పేరు చెప్పాను. అబద్ధం కూడా కాదు, చూడండి! ఆ తెలివి పెట్టుకుని ఎన్నాళ్ళు నన్ను నేను సముదాయించుకున్నానో. స్టూడెంట్ల గ్రూపులో ఎవరో ఆ షాపుకి వెళ్తే ప్రాణాలు పోతాయని రాశారు. వచ్చిన ప్రతి బ్యాచ్‌కీ అది ఫార్వర్డ్ అయింది. దాని కింద నేనొక్క ముక్క రాయలేదు.

ఒకరోజు అంకుల్ ఫోన్ చేశారు.

“ఆ అబ్బాయికి ఎలా ఉందండి బాబూ?” ముందు అదే అడిగారు.

“మంచిగనే ఉన్నడు అంకుల్.”

“కారు ఓసారి తీసుకురండి. ఎక్కడ వదిలిందో నేను చూడాలండి.”

చూస్తే క్షణంలో తెలిసిపోతుంది. కారు బయట డ్రైవ్‌వేలోనే ఉంది.

“స్క్రాప్‌కి ఇచ్చేసిన అంకుల్.”

“అయితే నా వల్లే అయ్యుంటుందండి. ఈమధ్య చూపు సరిగా ఆనట్లేదు. నన్ను క్షమించమన్నానని ఆ అబ్బాయికి చెప్పండి.”

ఆ మాట కూడా నవీన్‌కు చెప్పలేదు.

తర్వాత తెలిసింది, ఆయన రెంచి పట్టుకోవడం మానేశారట. ఎవరడిగినా కళ్ళు పనిచేయడం లేదంటున్నారట. గిరాకీ పోవడం ఒక ఎత్తు. ఇన్నేళ్ళు అన్నం పెట్టిన చేతుల్ని ఆయనే నమ్మకపోవడం ఇంకో ఎత్తు. నేనెందుకు నోరు విప్పలేదు? నవీన్‌కు భయపడ్డానా? కేసవుతుందనా, ఇక్కడే ఉండిపోవడానికి కావాల్సిన పీఆర్ రాదనా? మొదట్లో అన్నీను. ఇప్పుడు పీఆర్ వచ్చింది, ఉద్యోగం ఉంది, నవీన్ పెళ్ళిలో భోజనం కూడా చేసి వచ్చాను. మరి ఇప్పుడేమిటి అడ్డం? సిగ్గు. అంతే.

క్షమాపణ అడిగే ముఖం నాకు లేదు. నేను అడగాల్సింది ఆయనే అడిగేశారు. ఆ నిజం ఒక్కచోటైనా రాసి ఉండాలని ఇది రాస్తున్నాను, రాస్తుంటే కాస్త ఊపిరి ఆడుతోంది. అంకుల్, మీ కళ్ళకేమీ కాలేదు. మీరు సరిగ్గానే బిగించారు. విప్పింది నేను.