ఫిలోమినకు నేను చెప్పిన లాటిన్

ముప్పై ఏళ్ళుగా ఒక బరువు మోస్తున్నానని రాసి, కొట్టేశాను. ముప్పై కాదు, పాతికకు కాస్త పైన. మోశానన్నదీ పెద్ద మాటే. వేళకు తిన్నాను, నిద్రపోయాను, నెలల తరబడి మరచిపోయాను కూడా. కానీ ఎవరికీ చెప్పలేదు. అందులో మాత్రం అతిశయం లేదు. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

నిడదవోలులో సంస్కృతం పంతులుగా రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో, సాయంత్రాలు స్టేషన్ బెంచీ మీద కూర్చుని కోతలు కోయడం నా పని. ఒకసారి, ఇటలీ నుంచి వచ్చిన ఒక ఫాదర్ దగ్గర లాటిన్ నేర్చుకున్నానన్నాను. చివరికి ఆయనే నన్ను సందేహాలు అడిగేవాడన్నాను. నిజానికి నా దగ్గరున్నది రాజమండ్రిలో పాతపుస్తకాల బండి మీద కొన్న వ్యాకరణం ఒక్కటి. కొత్తగా మొదలెట్టేవాళ్ళ కోసం రాసింది. అదీ ముందు సగమే. వెనక సగం చిరిగిపోయింది.

ఆ కోతలు నమ్మినవాడు రైల్వే గేట్‌మన్ జోజి. వాళ్ళమ్మాయి ఫిలోమినకు బెంగుళూరు వెళ్ళి క్రైస్తవ వేదాంతం చదవాలని ఆశ. చేరాలంటే మొదటి మెట్టు లాటిన్‌లో నోటిపరీక్ష. వయసు లెక్కన ఆమెకు అదే ఆఖరి ఏడు. తండ్రి తీసుకొచ్చి నా ముందు కూర్చోబెట్టాడు. నాకు రాదు అనడానికి ఒక్క నిమిషం చాలు. ఎందుకనలేదు? అప్పటికి బెంచీ మీద నా పేరు బాగుంది. అంతే.

మా సంస్కృతం పద్ధతిలో శబ్దాలు పుస్తకం చూసి చదవరు. గురువు చెబుతాడు, శిష్యుడు వల్లెవేస్తాడు. పుస్తకం ముట్టుకోవద్దన్నాను. ఆ కట్టుబాటు నాకెంత అనుకూలమో ఆ పిల్లకేం తెలుసు? రోసా, రోసే, రోసామ్ అని గులాబీతో మొదలెట్టి, పేజీలున్నంతవరకు సరిగానే నడిచాం. తర్వాత పేజీలు లేవు. సంస్కృతానికి దగ్గరి చుట్టమే కదా అనుకుని, మిగిలిన మాటలకు విభక్తులు నేనే కట్టాను. లాటిన్‌లో లేని ద్వివచనం కూడా చేర్చాను. ఆర్నెల్లలో ఆమె అంతా కంఠస్థం చేసింది.

పరీక్ష పోయింది. తండ్రీ కూతుళ్ళు మా ఇంటికొచ్చారు.

"ఎక్కడ దెబ్బతిందంటారు మాస్టారూ?" అన్నాడు జోజి.

"మీరు చెప్పినట్టే చెప్పానండి. పరీక్ష పెట్టిన ఫాదర్ గారు సగంలో ఆపేసి, ఇదెక్కడి లాటినమ్మా అన్నారు," అంది ఫిలోమిన.

"నేను చెప్పినట్టే చెబితే ఆయనెందుకు ఆపుతారమ్మా?" అన్నాను. జోజి వైపు తిరిగాను. "మీ అమ్మాయికి ధారణ తక్కువండి. నేను ముందే అనుకున్నాను. బాధపడతారని చెప్పలేదు."

"అది కాదు నాన్నా..."

"పెద్దాయనతో వాదనేంటే?" అని జోజి కసిరాడు.

ఆమె కాసేపు నా మొహం చూసింది. "నేనే మర్చిపోయుంటానండి," అంది.

గేటు దగ్గరి పిల్లకు ధారణ లేదని మా అగ్రహారం పంతులంటే, ఆ రోజుల్లో రుజువు అడిగేవాళ్ళు లేరు. అది తెలిసే అన్నానా? తెలిసే అన్నాను. ఆ క్షణంలో గుండె దడదడలాడిందని రాయవచ్చు. రాస్తే బాగుంటుంది కూడా. ఏమీ కాలేదు. వాళ్ళు మెట్లు దిగాక లోపలికెళ్ళి మజ్జిగ తాగాను.

తర్వాత ఫిలోమిన తణుకులో బట్టల కొట్టులో చేరింది. మళ్ళీ పుస్తకం పట్టలేదు. చదువుకోమని ఎవరన్నా అంటే, నాకు గుర్తుండదండి అంటోందని జోజియే నాతో చెప్పాడు, నవ్వుతూ. నేనూ నవ్వాను.

జోజి పోయాడు. ఆమె ఇప్పుడెక్కడుందో నేను కనుక్కోలేదు. కనుక్కోవడం కష్టమై కాదు. క్షమాపణ అడిగే మొహం నాకుందో లేదో కూడా తెలియదు, ఉన్నా అది ఆమెకు దేనికి పనికొస్తుంది? చెప్పవలసింది చెబుతాను. ఆమె ఏమీ మరచిపోలేదు. ఒక్క అక్షరం కూడా. నేను చదువు చెప్పిన వాళ్ళలో అంత ధారణ ఉన్నవాళ్ళు ఇద్దరో ముగ్గురో అని రాయబోయాను. ఇంకెవరూ లేరు. ఆమె నోట పలికిన తప్పులన్నీ నావి.

ఈ మాట ఇన్నాళ్ళూ నాలోనే ఉంది. ఇప్పుడు కాగితం మీద ఉంది.