మొదటి గ్రిప్ ఆంటీది

మా హాస్టల్ ఆంటీ పోయారు. పోయిన నెలలో, ఒక మంగళవారం పొద్దున, సరిగ్గా టిఫిన్ల వేళకి. పల్లీ చట్నీలో పోపు పెట్టి, స్టవ్ కట్టేసి, "కాస్త గాలాడటం లేదే" అంటూ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మళ్లీ లేవలేదు. ఆటోలో ఎక్కించుకుని ఆస్పత్రికి పరుగెత్తాం. దారిలోనే గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పారు. అప్పటికి నేను ఆఫీసు ట్యాగ్ మెడలో వేసుకునే ఉన్నాను. ఆ రోజు ఏడ్చానో లేదో కూడా నాకు సరిగ్గా గుర్తు లేదు.

కోపం వచ్చింది మాత్రం బాగా గుర్తుంది. మూడో రోజు ఆంటీ వాళ్లబ్బాయి హాస్టల్ గేటుకి ఫ్లెక్సీ కట్టించారు. అందులో ఎప్పుడో ఎవరి పెళ్లిలోనో తీసిన ఆంటీ ఫొటో, పట్టుచీర, బిగించిన పెదాలు. చుట్టూ తామరపూలు, అటొక దీపం, ఇటొక దీపం. కింద పెద్ద పెద్ద అక్షరాలతో "తనకంటూ ఏమీ కోరుకోని త్యాగమూర్తికి అశ్రునివాళి" అని ఉంది.

అబద్ధం. పచ్చి అబద్ధం. ఆవిడ కోరుకున్నారు. నలుగురిలో, గట్టిగా, "నాకు కావాలి" అన్నారు. ఆ మాట ఆవిడ నోట వచ్చినప్పుడు నేను ఎదురుగా కూర్చుని ఉన్నాను. ఇంతకీ ఏం కావాలన్నారో చెబితే నవ్వుతారేమో. నవ్వండి, నాకేం బాధ లేదు. ఫోన్లో ఆడే ఆటలో రైఫిల్ ముందు భాగంలో, గొట్టం కింద, నిలువుగా బిగించుకునే ఒక పిడి. మేం దాన్ని గ్రిప్ అంటాం.

మా హాస్టల్ కొత్తగూడ ఫ్లైఓవర్ దిగాక పక్క సందులో ఉంది. నేనూ, సిద్దిపేట దగ్గరి రజితా, ఒంగోలు నుంచి వచ్చిన స్రవంతీ ఒకే గదిలో ఉంటాం. ముగ్గురివీ హైటెక్ సిటీలో ఉద్యోగాలే. శని, ఆదివారాల మధ్యాహ్నాలు అన్నాలయ్యాక కింద డైనింగ్ హాల్లో కూర్చుని ఆడుకునేవాళ్లం. ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెబుతాను. నలుగురు ఒక జట్టుగా విమానంలోంచి ఒక దీవి మీదికి దూకుతారు. ఇళ్లన్నీ వెతికి దొరికిన తుపాకులు, మందులు తీసుకుంటారు. చుట్టూ ఒక పెద్ద వలయం ముంచుకొస్తుంటుంది, దాని లోపలే ఉంటూ వేరే జట్లతో పోరాడాలి. చివరిదాకా మిగిలిన జట్టు గెలిచినట్టు.

ఒక శనివారం రజిత "కొట్టు, కొట్టు, చంపెయ్!" అని అరుస్తుంటే ఆంటీ గరిటె పట్టుకుని వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చారు.

"ఎవర్నే కొడుతున్నారు? ఇక్కడ ఆడపిల్లలుండే చోట ఏవిటీ గోల?"

"ఎవల్ని లేదాంటీ, గేమ్. మా జట్టుల ఒకామె తక్కువైంది, అందుకే ఓడిపోతున్నం. మీరు రారాదు?" అంది రజిత, ఉత్తినే ఆటపట్టించడానికి.

ఆవిడ గరిటె బల్ల మీద పెట్టి, కొంగుకి చెయ్యి తుడుచుకుని, "ఎలా ఆడాలో చెప్పు" అన్నారు. మేం ముగ్గురం మొహమొహాలు చూసుకున్నాం.

ఆవిడ గొప్ప ఆటగత్తె అని నేను చెప్పబోవడం లేదు. కానే కాదు. మొదటి రోజు నేల మీద ఒక పెనం దొరికితే తుపాకీ వదిలేసి అది తీసుకున్నారు. "ఇంత మంచి పెనం ఎవరైనా పారేసుకుంటారా?" అని మమ్మల్నే కోప్పడ్డారు. పరుగెత్తమంటే నడిచేవారు, నడవమంటే తలుపు వేసి వచ్చేవారు. తలుపు తీసి వస్తే దొంగలు పడతారట. మేం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లం, ఆవిడా నవ్వేవారు.

కానీ ఒక సంగతి నన్ను తొలిచేది. ఆవిడ ఆటలో కూడా హాస్టల్ ఆంటీలాగే ఉండేవారు. ఏది దొరికినా గుమ్మంలో నిలబడి పిలిచేవారు. "బ్యాండేజీలు ఎవరికి లేవు? రండమ్మా. తూటాలు కావాలా స్రవంతీ? నువ్వు సరిగ్గా తినలేదు, ఇదిగో ఈ జ్యూసు తాగు." అందరికీ పంచేసి, చివరికి ఒక చిన్న పిస్తోలు పట్టుకుని మా వెనకాల వచ్చేవారు. హాస్టల్లోనూ అంతేగా. అందరం తిని లేచాక, గిన్నె అడుగున ఏం మిగిలితే అది కలుపుకుని, వంటింట్లో నిలబడే తినేవారు. కూర్చోండి ఆంటీ అంటే "ఇప్పుడే వస్తున్నా" అనేవారు. ఆ వచ్చేది ఎప్పుడూ లేదు.

ఆ తర్వాత చేతులు వణకడం మొదలైంది. ముందు కుడి చెయ్యి. టీ సాసర్లోకి ఒలికేది. దోసె గుండ్రంగా రావడం మానేసింది. నరాల జబ్బని డాక్టరు మందులిచ్చారు. వణుకు కొంత తగ్గింది గానీ పోలేదు. మాతో ఏమీ అనలేదు గానీ ఆవిడ భయపడ్డారు. చెయ్యి కొంగులో దాచుకుని మాట్లాడటం నేను చూశాను.

ఆటలో అది ఇంకా బాగా తెలిసిపోయేది. ఆ ఆటలో రైఫిల్ పేలుస్తుంటే దాని మూతి పైకి పైకి లేస్తుంది. బొటనవేలితో తెరని కిందికి లాగుతూ దాన్ని అదుపులో పెట్టుకోవాలి. ఆవిడ వేలు వణికేది. తూటాలన్నీ ఎక్కడెక్కడికో పోయేవి. "మీరు వెనక ఉండండాంటీ, మేం చూసుకుంటాం" అన్నాను ఒకసారి. ఆవిడ నా వైపు అదోలా చూశారు. మర్నాడు ఆదివారం, పులిహోర తిన్నాక, "మీరు సాధన చేసుకునే చోటు ఒకటుందన్నారే, అక్కడికి తీసుకెళ్లండి" అన్నారు.

ఆటలోనే అదొక మైదానం. తుపాకులూ, వాటికి బిగించేవీ అన్నీ బల్లల మీద పరిచి ఉంటాయి. ఆవిడ కళ్లజోడు ముక్కు మీదికి దించుకుని, వంకాయలు ఏరినట్టు ఒక్కొక్క గ్రిప్ తీసి చూశారు. వంపుగా ఉండేది ఒకటుంటుంది, అది తుపాకీని పక్కలకి ఊగనివ్వదు. బొటనవేలితో పట్టుకునే చిన్నది ఒకటి, దాంతో గురి త్వరగా కుదురుతుంది. నిలువుది ఒకటి, అది మూతి పైకి లేవకుండా పట్టి ఉంచుతుంది.

"చిన్నది పెట్టుకోండాంటీ, జల్ది గురి కుదుర్తది" అంది రజిత.

"జల్దీగా గురి చూసి ఏం చేసుకోనే? తూటాలన్నీ ఆకాశంలోకి పోతుంటే కాకుల్ని కొట్టుకోనా?"

ఏ గ్రిప్పూ లేకుండా ఒకసారి గోడ మీద కాల్చారు. చిల్లులు కింద నుంచి పైకప్పు దాకా చీమల బారులా పాకాయి. వంపు గ్రిప్ బిగించి కాల్చారు. బారు తిన్నగా వచ్చింది గానీ పైకి పాకడం మానలేదు. చిన్నదాన్ని కూడా వదలకుండా చూశారు. నిలువుది బిగించారు. ఈసారి చిల్లులన్నీ గారె అంత చోటులో పడ్డాయి.

ఆవిడ చాలాసేపు ఆ గోడనే చూశారు. "ఇదీ" అన్నారు. "నా చెయ్యి వణుకుతుందా, వణకనీ. ఇది పట్టుకుంటుంది."

ఆ సాయంత్రమే ఇంకో ఆట మొదలుపెట్టాం. ఒక మేడ మీద రజితకి నిలువు గ్రిప్ దొరికింది. దొరకగానే తన తుపాకీకి బిగించేసుకుంది. అప్పుడన్నారు ఆంటీ.

"రజితా, కింద పెట్టు. అది నాకు కావాలి."

రజిత నోరు తెరుచుకుని చూసింది.

"ఏందాంటీ, గింత గట్టిగ అంటున్నరు?"

"గట్టిగానే అంటున్నాను. సర్దుకుని సర్దుకుని అలవాటైపోయింది నాకు. ఈ ఒక్కటీ సర్దుకోను. ఇకనుంచి మొదట దొరికిన నిలువు గ్రిప్ నాది. ఎవరూ ముట్టుకోవద్దు. రెండోదాని కోసం మీరు కొట్టుకు చావండి."

రజిత విప్పి కింద పెట్టింది. ఆవిడ వచ్చి తీసుకున్నారు. ఆ పూట ఒకణ్ణి కొట్టారు కూడా, ఒక్కణ్ణే. ఆ ఆనందానికి రాత్రి భోజనంలో మాకు అప్పడాలు దక్కాయి.

తర్వాతి ఆదివారం కోడికూర. ఆవిడ గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని మా మధ్యలో కూర్చున్నారు. ముందు తన కంచంలో లెగ్ పీస్ వేసుకున్నారు. "ఏంటలా చూస్తారు? నాకు కావాలి" అన్నారు నవ్వుతూ. ఎంత బాగుందో చెప్పలేను. హాస్టల్లో ఉన్న వాళ్లందరం చప్పట్లు కొట్టాం. ఆవిడ సిగ్గుపడుతూనే, ఆ ముక్క పూర్తిగా తిన్నారు.

ఎదురింటావిడ ఒకసారి "ఆ వయసులో తుపాకుల ఆటేంటి, రామనామం చెప్పుకోక" అంది. ఏం? రామనామం చెప్పుకోలేదని ఎవరన్నారు? పొద్దున చెప్పుకునేవారు. మధ్యాహ్నం గ్రిప్ వెతుక్కునేవారు. ఆవిడ మధ్యాహ్నం, ఆవిడ ఇష్టం.

వాళ్లబ్బాయి గవర్నమెంటు ఉద్యోగి, చందానగర్లో ఉంటారు. మంచివారే, అది కూడా చెప్పాలి. వారం వారం వచ్చి మందులు చూసుకునేవారు. ఒకరోజు డైనింగ్ హాల్లోనే అడిగారు.

"అమ్మా, హాస్టల్ మూసేసి మా ఇంటికి వచ్చెయ్యి. చేతులు అలా వణుకుతుంటే ఈ వంటలేంటి? ఏదైనా జరిగితే పక్కన ఎవరున్నారు?"

"ఇంతమంది ఉన్నారుగా."

"వాళ్లు నీ పిల్లలా?"

ఆంటీ పప్పు గిన్నె కింద పెట్టారు. చెయ్యి వణుకుతోంది. ఈసారి కొంగులో దాచుకోలేదు.

"నువ్వే నా పిల్లాడివి. కాదనను. కానీ ఈ హాస్టల్ నాకు కావాలిరా."

అచ్చం అదే గొంతు. రజిత నా కాలు తొక్కింది. వాళ్లబ్బాయి మా వైపు తిరిగి, "ముందు ఆ గేములు మాన్పించండి" అని వెళ్లిపోయారు.

అందుకే ఫ్లెక్సీ కట్టిన రోజు నేను ఊరుకోలేకపోయాను. గేటు దగ్గర ఆయన తాళ్లు బిగిస్తున్నారు.

"సార్, ఆ లైన్ తప్పు. తీయించండి."

"ఇంకేం రాయించమంటారండీ? మా అమ్మ తుపాకుల ఆట ఆడేదని రాయించమంటారా?"

"రాయించండి" అన్నాను.

ఆయన చేతిలో తాడు అలాగే ఉండిపోయింది. "మా ఇంట్లో ఉండుంటే అమ్మ బతికుండేదండి" అన్నారు. అంటూనే ఏడ్చేశారు. తల్లి పోయిన మనిషి.

బతికుండేవారేమో. నేను డాక్టర్ని కాదు. ఆ మాట ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వదు. కానీ చివరి ఏడాది ఆవిడ కూర్చుని, వేడిగా, కావలసింది అడిగి తిన్నారు. ఉండాలనుకున్న చోట ఉన్నారు. అది ఆవిడ తీసుకున్న నిర్ణయం, మేం నూరిపోసింది కాదు. త్యాగమూర్తి అనే ఒక్క మాటతో దాన్నంతా తుడిచేస్తే నేను ఒప్పుకోను. వాళ్లబ్బాయి ఆ లైను తీయించలేదు. "పీకి పడేద్దామా అక్కా?" అంది రజిత. వద్దన్నాను, ఎంతైనా దాని మీద ఆంటీ ఫొటో ఉంది. అందుకే ఇక్కడ మీకు చెబుతున్నాను. ఆవిడకీ కావాలనుకున్నవి ఉండేవి. వాటిని అడిగే నోరు కూడా ఉండేది.

మొన్న శనివారం చాలా రోజుల తర్వాత మళ్లీ ఫోన్లు పట్టుకుని హాల్లో కూర్చున్నాం. నాలుగో చోటు వేరేవాళ్లతో నింపొద్దని ఆటలో సెట్ చేసి, ముగ్గురమే దూకాం. నేను దిగిన పెంకుటింట్లో, మూల గదిలో, నేల మీద నిలువు గ్రిప్ ఉంది. అలవాటు కొద్దీ జట్టుకి కనబడేలా పసుపు గుర్తు పెట్టాను. "ఆంటీ, గ్రిప్" అని పైకే అనేశాను.

వంటింటి వైపు చూడకుండా ఉండటానికి ముగ్గురం ఫోన్లలోకే చూస్తున్నాం.

"నీ తుపాకికి ఏం లేదు గదక్కా, తీస్కో" అంది రజిత.

"నువ్వు తీస్కో."

"నేనెట్ల తీస్కుంట? మొదటిది గదా."

ఎప్పుడూ నోరు విప్పని స్రవంతి అప్పుడంది. "ఉండనివ్వండి. ఆవిడ ముట్టుకోవద్దన్నారు."

వలయం ముంచుకొస్తోంది. లేచి పరుగెత్తాం. గుట్ట దగ్గర ఒక జట్టు ఎదురైంది. మా తుపాకులు ఆకాశానికి ఎగురుతూనే ఉన్నాయి, తూటాలన్నీ కాకుల పాలు. చచ్చేముందు ఒకసారి వెనక్కి తిరిగాను. దూరంగా ఆ పెంకుటింటి మీద పసుపు గుర్తు ఇంకా వెలుగుతోంది.