మామ మరిచిన పెండ్లి, నేను రాసిన మంత్రం

చేతిల పగిలిన ఫోన్, తలకాయల ఒక రాజ్యం పెట్టుకొని బతికిన ఆ రోజులు యాదికొస్తే నాకిప్పటికీ నవ్వాగదు. డిగ్రీ అయిపోయి, కంప్యూటర్ నేర్చుకునే పేరు మీద రాజోలి నుంచి వచ్చి గద్వాలల మా మామ ఇంట్ల ఉంటుంటి. నేర్చుకున్నది తక్కువ, నవల రాసింది ఎక్కువ. వారం వారం కథలు పెట్టే యాప్ ఒకటుండె, దాంట్ల చీకటి మాయల ప్రేమ నవల మొదలుపెట్టిన. మంచుకొండల నడుమ నల్లకోట, ఆ కోటల ఒక మంత్రగత్తె. ఆమె మంత్రం వేసినప్పుడల్లా ఆమె జ్ఞాపకం ఒకటి కాలిపోతది. చివరికి ప్రేమించినోన్నే మరిచిపోతది. (మంచు అంటే నాకు తెలిసింది ఫ్రిజ్‌ల గడ్డకట్టిన పాలప్యాకెట్ ఒక్కటే. అయినా ఆగలే.) చదివేటోళ్లు వెక్కి వెక్కి ఏడవాల, గదే నా ఆశయం. అందుకని ఆమెకు జ్ఞాపకాలు ఎన్నటికీ తిరిగి రావొద్దని ముందే తీర్మానం చేసుకున్న.

నా మొదటి అభిమాని మా అత్త. ఆమెకు కూసొని చదివే ఓపిక లేదు. పొద్దున జొన్నరొట్టెలు కొట్టుకుంట, "చదువు పిల్లా, ఆ మాయలది ఇయ్యాల ఏం మరిచిపోయిందో విందాం" అనేది. మామకు ఇవన్నీ పట్టవు. ఆయనకు బోరుమోటార్లు చుట్టే దుకాణం, ఒళ్లంత వార్నిష్ వాసన. నల్లగ, పొట్టిగ ఉంటడని ఎన్నో సంబంధాలు తప్పిపోయి, ఇగ పెండ్లే లేదనుకున్నంక నాగర్‌కర్నూల్ దిక్కు నుంచి అత్త వచ్చింది. వాళ్ల పెండ్లయి అప్పటికి నాలుగైదేండ్లు.

ఒకనాడు మామ మల్దకల్ పోయొస్తుంటే రోడ్డు మీద ఆరబోసిన వడ్ల మీద బండి జారింది. తలకు కుట్లు పడ్డయ్. దవాఖానల కండ్లు తెరిచి మా అమ్మను "అక్కా" అన్నడు, నన్ను చూసి "ఇంత పెద్దగెప్పుడైనవ్ బిడ్డా" అన్నడు. అత్త దిక్కు తిరిగి రెండు చేతులు జోడించి, "మీరు ఎవరమ్మా?" అన్నడు. పెండ్లికి ముందటి నుంచి ఇటు యాది మొత్తం తుడిచిపెట్టుకు పోయింది. డాక్టరేమో, "కొందరికి మెల్లగ వస్తది, కొందరికి రాదు, జర ఓపిక పట్టుండ్రి" అని చెప్పి పంపిండు.

ఇంటికి తెచ్చినంక అమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది, ఆమె నీ పెండ్లామేరా అని. మామ నమ్మలే. "ఎగతాళి చెయ్యకక్కా. నాకెవరిస్తరు పిల్లను?" అన్నడు. పెండ్లి ఫోటోలు చూపిస్తే కండ్లద్దాలు పెట్టుకొని ఒక్కొక్కటి చూసి, "ఫోన్లల్ల ఇయ్యాల రేపు ఎవరి పక్కన ఎవరినైనా నిలబెడుతుండ్రు, నాకు తెల్వదా?" అన్నడు. అంతకుముందు అత్తను "ఏయ్" అని పిలిచేటోడు, ఇప్పుడు "మీరు జర కూసోండి, మీరు తిన్నరా" అనవట్టె. అత్తకు నవ్వాల్నో ఏడవాల్నో అర్థం కాలే. నాతోని మాత్రం, "ఆయనకు నేను యాదికి రాకుంటే ఈ ఇంట్ల నేనెవర్ని పిల్లా?" అన్నది.

తెల్లారి రొట్టెలకాడ పిండి చేతులతోనే నన్ను నిలదీసింది. "నీ కథల ఆమెకు యాది ఎట్ల మళ్లిస్తవో చెప్పు. గదే నేను చేస్త." కథ నేను కల్పించిందే అత్తా అంటే, "ఎంతో కొంత తెలిసే రాస్తవు గదా" అన్నది. ఆమె మొఖం చూస్తే లేదనబుద్ధి కాలే. నా తీర్మానం గంగల కలిపి, ఏడు నదుల నీళ్లతోని తలస్నానం చేయిస్తే పోయిన జ్ఞాపకాలు మళ్లుతయని ఆ వారం రాసి పెట్టిన. (కథ పలుచబడ్డదని యాప్‌ల ఒకాయన చెడతిట్టిండు.) అత్త విని, "ఏడు యాడ తెస్తం, మనకున్నవి రెండే గదా" అన్నది. రాజోలి నుంచి నాయన డబ్బాల తుంగభద్ర నీళ్లు తెచ్చిండు, కృష్ణ నీళ్లు నేను ఆటోల పోయి తెచ్చిన. చలికాలం పొద్దున రెండు నదులు కలిపి మామ నెత్తిన కుమ్మరించింది. మామ గజగజ వణుక్కుంట, "అమ్మా, నా మీద మీకేమన్న కోపమా?" అని అడిగిండు. యాది రాలే, జలుబొచ్చింది.

జలుబు తగ్గినంక మామ మంచం మీద కూసొని ఒక పరీక్ష పెట్టిండు. "సరే, నా పెండ్లామే అంటుండ్రు గద. నా పేరేందో చెప్పుమను." అత్త చటుక్కున కొంగు నెత్తి మీదికి లాక్కొని తల దించుకున్నది. పెనిమిటి పేరు నోట పలుకుడు ఆమె పుట్టింటి తరీకల లేదు. మొగుడే మరిచిపోయినా ఆమె తరీక మరువలే. "జర చెప్పత్తా, ఈ ఒక్కసారి చెప్పు" అని బతిమిలాడిన. "నువ్వు చెప్పు పిల్లా" అన్నది గని ఆ పేరు మాత్రం నోటికి రానియ్యలే.

మామ ఆమె దించుకున్న తల దిక్కే చూసిండు. తర్వాత నాతోని మెల్లగ, "బయటామె అయితే టక్కున చెప్తుండె కదా బిడ్డా" అన్నడు. ఫోటోలకు, రెండు నదులకు కాని పని ఆ మూతబడ్డ నోటితోని అయింది. నమ్మిండు. నమ్మినంక కొత్త భయం పట్టుకున్నది. అత్త దిక్కు చూడకుంటనే, "మరి మీరు నన్ను ఇష్టపడే చేసుకున్నరా?" అని అడిగిండు.

అత్త కొంగు వేలికి చుట్టుకుంట, "అప్పుడు నన్నెవరడిగిన్రు. పెద్దోళ్లు మాట్లాడుకున్నరు, నేనొచ్చిన" అన్నది. మామ మొఖం చిన్నబోయింది. అత్త అది చూసి, "ఇప్పుడు మీరు అడుగుతున్నరు గద. ఇష్టమే" అన్నది.

మామకు ఆ ఏండ్లు ఇప్పటికీ సగమే యాదికొచ్చినయ్. అడిగితే, మిగిలిన సగం అక్కరలేదంటడు. ఆ యాప్ మూతబడ్డది, నా నవల దాంతోనే పోయింది, బాధ లేదు. ఇప్పుడు వనపర్తిల బడిపిల్లలకు పాఠాలు చెప్పుకుంట బతుకుతున్న. ప్రేమంటే ఏందో నాకు తెలిసింది ఆ ఇద్దరి పుణ్యాననే, ఆ ఇంట్ల నన్ను ఉంచుకున్నందుకు వాళ్లకెన్ని దండాలు పెట్టినా తక్కువే. లెక్కకు అది వాళ్ల రెండో పెండ్లి, పిలవకుండనే వచ్చిన చుట్టాన్ని నేనొక్కదాన్నే. నోరు తెరుచుకొని గోడకానుకొని నిలబడ్డ అప్పటి నన్ను తలుసుకుంటే ఇప్పుడు నవ్వొస్తది. లోకంల లేని మాయలన్ని రాసే మనిషికి, నాలుగు అక్షింతలు వెయ్యాలన్న సోయి లేకపాయె.